రోజుకో పాట – గొంతుకు విశ్రాంతి ఏదీ?

సెల్‌ఫోను ఉన్న ప్రతి ఇల్లూ ఇప్పుడొక రికార్డింగు స్టూడియోయే. గిటారు పట్టుకుని, తమకిష్టమైన రాక్ పాటలను రోజుకొకటి చొప్పున పాడి రికార్డు చేసుకునే యువతీ యువకులు ఎందరో ఉన్నారు. మంచి సరదాయే. మానెయ్యమని నేను చెప్పను. అయితే గొంతు బొంగురు పోయిందనీ, పైస్థాయి అందడం లేదనీ ఆసుపత్రికి వచ్చేవారిలో వీరూ ఉంటున్నారు. వారికి చెప్పేదే మీకూ చెబుతాను.

స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు ఇవి పురుషులలో సెకనుకు 100 – 125 సార్లు, స్త్రీలలో సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. ఒక స్థాయి పైకి వెళితే ఆ సంఖ్య రెట్టింపవుతుంది. అరిచి పాడితే తాకిడి బలమూ పెరుగుతుంది. గునపం పట్టిన అరచేతిలో కాయ కాసినట్లే, తంత్రుల అంచున చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. బొంగురుకు ఇదొక ముఖ్య కారణం.

పాట నాలుగు నిమిషాలే కావచ్చు. సరిగా రాలేదని ఇరవైసార్లు పాడితే ఎనభై నిమిషాలు! అసలు అపాయం ఇక్కడే ఉంది. 1963 ఫిబ్రవరి 11న లండన్‌లో బీటిల్స్ బృందం తమ మొదటి ఆల్బమ్‌లోని పది పాటలను ఒక్క రోజులో రికార్డు చేసింది. గొంతు చించుకుని పాడవలసిన 'ట్విస్ట్ అండ్ షౌట్'ను చివరికి అట్టేపెట్టారు. అదీ అంతకుముందు ఇతరులు పాడిన పాటే. జలుబుతో ఉన్న జాన్ లెనన్ మొదటిసారి పాడినదే ఖాయమైంది. రెండోసారికి గొంతు సహకరించలేదు.

కనుక ఈ జాగ్రత్తలు పాటించండి:

1. పాటను ముందు లోగొంతుకతో సాధన చేసుకోండి. పూర్తి గొంతుతో మూడు నాలుగు సార్లకు మించి రికార్డు చేయకండి. వారానికి రెండు రోజులు వాద్యం మాత్రమే వాయించండి.

2. అసలు గాయకుని శ్రుతి మీ శ్రుతి కానక్కరలేదు. మీ గొంతుకు తగినట్లు తగ్గించుకోండి.

3. చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపి, తలుపులు మూసి చెమటలు కక్కుతూ పాడుతుంటారు. మధ్య మధ్య మంచినీళ్ళు తాగండి. ఉప్పునీటి పుక్కిలింత గొంతుకు హాయినిస్తుంది కాని స్వరతంత్రుల దాకా చేరదు.

4. గొంతు నొప్పిగా ఉంటే పాడకండి. బిళ్ళ చప్పరించి నొప్పి తెలియకుండా పాడడం మరీ చేటు. గుసగుసలాడడం గొంతుకు విశ్రాంతి కాదు, మౌనమే విశ్రాంతి.

5. సిగరెట్టు మానండి.

చెవుల సంగతీ మరువకండి. 'ది హూ' బృందపు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి లోపానికి స్టూడియోలో వాడిన హెడ్‌ఫోన్లే కారణమని చెప్పినట్లు 2006లో పత్రికలలో వచ్చింది. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చుననీ, 90 అయితే 4 గంటలు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. హెడ్‌ఫోన్లు తీశాక చెవిలో గుయ్‌మంటుంటే శబ్దం ఎక్కువైందని గుర్తు. పోయిన వినికిడిని తెచ్చిపెట్టే మందు లేదు.

బొంగురు మూడు వారాలు దాటితే ముక్కు, చెవి, గొంతు వైద్యునికి చూపించండి. పాడుతూండగా గొంతు హఠాత్తుగా పోతే, తంత్రులలో రక్తనాళం చిట్లి ఉండవచ్చు. వెంటనే మాట మాని వైద్యుని వద్దకు వెళ్ళండి. కఫంలో రక్తం, మింగుడు పడకపోవడం, ఆయాసం, మెడలో గడ్డ ఉన్నా ఆలస్యం చేయకండి. చిన్న గొట్టం లాంటి పరికరంతో చూసే పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. బొడిపెలని తేలినా భయపడకండి. చాలామందికి ఆపరేషను లేకుండానే, విశ్రాంతితోను, గొంతును సరిగా వాడే శిక్షణతోను తగ్గుతాయి. ఆ తరువాత మళ్ళీ హాయిగా పాడుకోవచ్చు.