సైనికుడి బీపీ చూశారు, ఇల్లాలి నిద్ర సంగతి ఎవరడిగారు?

పోయిన ఏడాది క్రిస్మస్‌కు ముందు హోసూరు దగ్గరి ఒక పల్లెలో ఇంటి ప్రార్థన ముగించుకుని లేస్తుంటే ఆ ఇంటి అమ్మ నన్ను ఆపింది. ఆమె భర్త రిజర్వు సైనికుడిగా చేసి వచ్చినవాడు. మామూలు రోజుల్లో ఫ్యాక్టరీలో షిఫ్టు పని, పిలుపు వస్తే యూనిఫాం. అలా రెండేళ్లు కాశ్మీరులో ఉన్నాడు.

"అయ్యగారూ, ఆయనకి బీపీ చూసినారు, కండ్లు చూసినారు, బరువు చూసినారు. ఆయన లేని రెండేండ్లు నేను ఎట్ల నిద్రపోయినానో ఒక్కరూ అడగలే. ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. అయినా నాకు నిద్ర రాదు. రాత్రిపూట ఆయన ఉలిక్కిపడి అరుస్తాడు, నేను లేచి కూర్చుంటాను."

నిజం చెప్పాలంటే, నేనూ అడగలేదు. ఆయన క్షేమం కోసం సంఘంలో ప్రార్థించాం, తిరిగి వచ్చినప్పుడు శాలువా కప్పాం. ఆమె గురించి ఆలోచించలేదు. ఆ రోజు ఆమెతో కలిసి మళ్లీ ప్రార్థించాను, డాక్టరు దగ్గరికి పంపాను. కానీ బస్సులో తిరిగి వస్తుంటే ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఇది ఒక్క ఇంటి కథేనా? ఇలాంటి ఇళ్లు ఎన్ని? ఇది తెలియాలంటే ఎవరో ఒకరు ఏళ్ల తరబడి, ఓపికగా, భార్యాభర్తలిద్దరినీ అడగాలి. అడిగినప్పుడు మనం జవాబు చెప్పాలి. ఈ వ్యాసం ఆ జవాబు గురించే.

ముందు మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ దేశానికి గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు, 1949 అక్టోబరు 9న టెరిటోరియల్ ఆర్మీని లాంఛనంగా ప్రారంభించారు. వేరే ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, ఏడాదిలో కొంతకాలం శిక్షణ తీసుకుంటూ, దేశం పిలిచినప్పుడు సైన్యంలో నిలబడే పౌరుల సైన్యం అది. పిలుపు మీద వెళ్లినవాడు తిరిగొస్తే పాత యజమాని మళ్లీ పనిలోకి తీసుకోవాలని చట్టం కూడా ఉంది. ఉద్యోగానికి చట్టం రక్షణ ఇచ్చింది. మరి నిద్రకు, కాపురానికి, పిల్లల భయాలకు?

పూర్తికాలం సైనికుడు కంటోన్మెంటులో ఉంటాడు. చుట్టూ అదే బతుకు బతికే కుటుంబాలు, పక్కనే ఆసుపత్రి. రిజర్వు సైనికుడు సరిహద్దు నుంచి నేరుగా సిప్కాట్ గేటు ముందుకో మామిడి తోటకో వచ్చి పడతాడు. పక్క మిషను మీద పనిచేసేవాడికి అతను చూసింది తెలియదు. పక్కింటి ఆడవాళ్లకు అతని భార్య పడింది తెలియదు. తోడుగా ఉండే గుంపు లేదు.

ఇది నా ఊహ మాత్రమే అయితే ఇంత దూరం రాయను. 2003 ఇరాక్ యుద్ధం తర్వాత లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 10,000 మందికి పైగా బ్రిటిష్ సైనికుల ఆరోగ్యాన్ని అడిగి తెలుసుకున్నారు. 2006లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. పూర్తికాలం సైనికుల్లో ఇరాక్ వెళ్లినవారికీ వెళ్లనివారికీ మానసిక ఆరోగ్యంలో పెద్ద తేడా కనిపించలేదు. రిజర్వు సైనికుల్లో మాత్రం వెళ్లొచ్చినవారికి ఇబ్బందులు స్పష్టంగా ఎక్కువ. కారణాలు వెతికితే యుద్ధరంగంలో చూసినవి మాత్రమే కాదు, ఇంటి దగ్గర సమస్యలు కూడా తేలాయి. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం రిజర్వు సైనికుల కోసం ప్రత్యేకంగా మానసిక ఆరోగ్య పథకం మొదలుపెట్టింది. వేలమంది కూర్చుని ఫారాలు నింపితే, ఎవరికీ కనిపించని బాధ ప్రభుత్వం కంటపడింది.

అమెరికాలో ఇంకో అడుగు వేశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో విశ్వవిద్యాలయం వాళ్లు "ఆపరేషన్ సేఫ్టీ" పేరుతో 400కు పైగా జంటలను, అంటే రిజర్వు లేదా నేషనల్ గార్డు సైనికులను, వారి జీవిత భాగస్వాములను చేర్చుకుని ఏళ్ల తరబడి అనుసరించారు. అందులో తేలిన ఒక సంగతి నన్ను ఆపేసింది. యుద్ధానికి ఎప్పుడూ పంపబడని రిజర్వు సైనికుల్లో కూడా కొందరికి "తోటివాళ్లు వెళ్లారు, నేను వెళ్లలేదు" అనే అపరాధ భావం ఉంటుంది, అది మద్యం అలవాటుతో ముడిపడి ఉంటుంది. "నువ్వు యుద్ధమే చూడలేదు కదా, నీకేం బాధ?" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఏళ్లు పట్టి అడిగితేనే ఆ మాట తప్పని తెలిసింది.

ఏళ్లు పట్టి అడగడం ఎందుకు? మన సంఘాల్లో వైద్య శిబిరాలు పెడతాం. ఒక ఆదివారం బీపీ చూస్తాం, షుగర్ చూస్తాం. అది ఒక ఫోటో లాంటిది. ఈ మనిషికి బీపీ ఉందని తెలుస్తుంది, ఎందుకు వచ్చిందో తెలియదు. పిలుపు రాకముందు ఎలా ఉన్నాడు, వెళ్లినప్పుడు ఇల్లు ఎలా ఉంది, వచ్చిన రెండేళ్లకు, ఐదేళ్లకు ఏమైంది అని అదే మనుషుల్ని మళ్లీ మళ్లీ కలిస్తేనే ఏది ముందు, ఏది వెనక అని తెలుస్తుంది. గుండె జబ్బుకు బీపీ, కొలెస్ట్రాల్ కారణమవుతాయని ఈరోజు పల్లెటూరి ఆర్ఎంపీ కూడా చెబుతాడు. ఆ జ్ఞానానికి పునాది వేసిన వాటిలో ముఖ్యమైనది 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మంది మామూలు స్త్రీపురుషులతో మొదలైన అధ్యయనం.

ఇవన్నీ విదేశాల సంగతులనుకోకండి. మన పక్కనే కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ మామిడి పండించే పల్లెల్లో, బెంగళూరు ఐఐఎస్సీలోని మెదడు పరిశోధన కేంద్రం 2018 నుంచి 45 ఏళ్లు దాటినవారిని చేర్చుకుని మతిమరుపు ఎలా మొదలవుతుందో చూస్తోంది. 10,000 మందిని అనుసరించాలన్నది లక్ష్యం. దేశమంతటా జరిగిన లాసీ సర్వేలో 45 ఏళ్లు దాటిన వ్యక్తితో పాటు జీవిత భాగస్వామిని కూడా, వయసు ఎంతైనా సరే, అడిగారు. మొదటి విడతలోనే 72,000 మందికి పైగా జవాబులిచ్చారు. హైదరాబాదు దగ్గరి 29 పల్లెల కథ ఇంకా పాతది. 1987-90లో కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం పెట్టారు. ఆ పిల్లలు పదమూడు పద్దెనిమిదేళ్ల మధ్య ఉండగా మళ్లీ వెళ్లి చూస్తే, ఆహారం అందిన పల్లెల వాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ ఉన్నారు, రక్తనాళాలు కూడా మెరుగ్గా ఉన్నాయి. అంగన్‌వాడీ గుడ్డు, పాలు, ఉప్మా ఎందుకు ముఖ్యమో వాదించేటప్పుడు ఆ పల్లెల తల్లులు ఇచ్చిన సాక్ష్యం మన చేతిలో ఉంది.

అయితే, యువకులారా, మన వాళ్ల భయం కూడా ఊరికే పుట్టింది కాదు. నేను సామాజిక ఉద్యమాల్లో తిరిగినవాణ్ని, ఆ భయాన్ని కొట్టిపారేయలేను.

అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు సుమారు 600 మంది పేద నల్లజాతి పురుషుల మీద నలభై ఏళ్ల "అధ్యయనం" జరిగింది. వారిలో 399 మందికి సిఫిలిస్ ఉంది. రోగం పేరు చెప్పలేదు. పెన్సిలిన్ వచ్చాక కూడా మందు ఇవ్వలేదు. భార్యలకు అంటుకుంది, పిల్లలు రోగంతో పుట్టారు. 1997లో గానీ దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పలేదు. ఇంకో సంగతి మనకు గుచ్చుకోవాలి. ఆ మనుషుల్ని పోగుచేసిన చోట్లలో చర్చిలు కూడా ఉన్నాయి.

మన దగ్గర ఖమ్మం ఉంది. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు జరిగింది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ, ఇక్కడ మాట్లాడుతున్నది సమ్మతి గురించి. పరిశీలించిన 9,543 ఫారాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవని, 1,948 మీద వేలిముద్రలని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక బయటపెట్టింది. ఆదివాసీ పిల్ల శరీరం మీద నిర్ణయం ఆమె తల్లిదండ్రులది కాకుండా వార్డెన్‌ది అయింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పరిశోధనలో పాల్గొందాం. కళ్లు మూసుకుని కాదు, తెలిసి, అడిగి, మన షరతుల మీద.

మొదటిది, భార్య సమ్మతి భార్యదే. భర్త సంతకం చాలదు, అత్తగారి మాట చాలదు, పాస్టరు మాట అసలే చాలదు. ఆమె ఒంటరిగా కూర్చుని జవాబు చెప్పే చోటు ఉండాలి. ఒకరి జవాబు రెండోవారికి తెలియకూడదు. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీ ఆ మాట రాసిన కాగితం భర్త చేతికి వెళితే, పరిశోధనే ఆమెకు ప్రమాదమవుతుంది.

రెండవది భాష. మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తెలుగు ఇంటి భాష, తమిళం బడి భాష. చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పెద్దవాళ్లలో కొందరికి ఏదీ చదవడం రాదు. ఇంగ్లీషు ఫారం చేతిలో పెట్టి "ఇక్కడ సంతకం పెట్టండి" అంటే అది సమ్మతి కాదు. మన తెలుగులో నోటితో వివరించాలి, ప్రశ్నలు అడగనివ్వాలి, ఇంటికి వెళ్లి ఆలోచించుకునే సమయం ఇవ్వాలి.

మూడవది, ఎప్పుడైనా మానుకునే హక్కు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఈ మాట స్పష్టంగా చెబుతున్నాయి. మధ్యలో మానుకున్నా వైద్యం ఆగకూడదు, కారణం చెప్పనక్కరలేదు. ఏ నైతిక కమిటీ అనుమతి ఇచ్చిందో, ఫిర్యాదు ఎవరికి చేయాలో కాగితం మీద ఉండాలి.

నాలుగవది గోప్యత. మనసు బాగోలేదని చెప్పిన జవాబు సైనిక అధికారికో ఫ్యాక్టరీ హెచ్ఆర్‌కో చేరితే ఆ మనిషి ఉద్యోగానికే ముప్పు. పేర్లు వేరు, జవాబులు వేరు పెడతారా, ఎవరు చూస్తారు, ఎన్నేళ్లు దాస్తారు అని అడగడం అనుమానం కాదు, హక్కు.

ఐదవది, జబ్బు బయటపడితే ఏం చేస్తారు? రాసుకుని వెళ్లిపోవడం టస్కీగీ దారి. బెంగళూరు నిమ్హాన్స్ ఉన్నది హోసూరు రోడ్డు మీదే. అక్కడికో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో పంపే ఏర్పాటు ముందే ఉండాలి.

ఇక సంఘం పని ఏమిటి? మనుషుల్ని పోగుచేసి ఇవ్వడం మన పని కాదు. బలిపీఠం మీద నుంచి "అందరూ చేరండి" అని ప్రకటిస్తే, పాస్టరుకు కోపం వస్తుందేమోనని చేరేవాళ్లు ఉంటారు. అది స్వేచ్ఛ కాదు. ఫారం చదివి వినిపించే చదువుకున్న యువతీ యువకులు మన దగ్గర ఉన్నారు. ఆ ఇంటివాళ్లు కోరితే పక్కన కూర్చోండి, అర్థం కానిది అడగండి, "వద్దు" అన్నవాళ్లకు కూడా అండగా నిలబడండి. పరిశోధకులు తిరిగి వచ్చి ఏం కనుక్కున్నారో మన పల్లెలో, మన భాషలో చెప్పేదాకా వదలకండి.

బైబిలులో జనాభా లెక్క ఒకటి దావీదుకు పాపంగా ఎంచబడింది. అతను లెక్కపెట్టింది కత్తి దూసేవాళ్లను, తన బలం చూసుకోవడానికి. వాళ్ల ఇళ్లను లెక్కపెట్టలేదు. అంతకుముందు ఊరియా అనే సైనికుడు యుద్ధంలో ఉండగా అతని ఇంటికి ఏం జరిగిందో మనకు తెలుసు. మరోవైపు ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం కొత్తగా పెళ్లయినవాణ్ని ఏడాది పాటు సైన్యానికి పంపవద్దంటుంది, భార్య సంతోషం కోసం. సైనికుడి భార్య సుఖదుఃఖాలు దేవుని ధర్మశాస్త్రంలోనే ఒక విషయం. మన ఆరోగ్య లెక్కల్లో ఎందుకు కాకూడదు?

ఈ ప్రశ్నకు తొందర కూడా ఉంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ కింద చేరిన యువకుల్లో నాలుగేళ్ల తర్వాత 25 శాతం వరకే సైన్యంలో ఉంటారు. మిగతావాళ్లు పింఛను లేకుండా, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ వైద్యం లేకుండా ఊళ్లకు వస్తారు. వాళ్లు పెళ్లిళ్లు చేసుకుంటారు, పిల్లల్ని కంటారు, షిఫ్టులకు వెళతారు. పదేళ్ల తర్వాత వాళ్ల ఇళ్లు ఎలా ఉన్నాయో చెప్పే లెక్క ఈరోజే మొదలవ్వాలని మనం అడగాలి. మొదలైతే చేరాలి. ఎందుకంటే ఇలాంటి అధ్యయనాల్లో ముందుగా జారిపోయేది కష్టాల్లో ఉన్నవాళ్లే, పేదవాళ్లే. వాళ్లు లేకపోతే మిగిలిన జవాబులు చూసి "అందరూ బాగానే ఉన్నారు" అని తేల్చేస్తారు.

ఇందులో చేరితే రేపే మేలు జరుగుతుందని నేను ఎవరికీ చెప్పను. ఆ మేలు మన తర్వాతి ఇంటికి అందవచ్చు. ఇలాంటి ఇల్లు మీ సంఘంలో ఉంటే అధ్యయనం వచ్చేదాకా ఆగకండి. మనసు బాగోలేనివారికి టెలీ మానస్ ఉచిత నంబరు 14416 ఉందని చెప్పండి. పొరుగువాణ్ని ప్రేమించడం అంటే మనం ఎప్పటికీ చూడని పొరుగువాడి కోసం కూడా ఒక గంట కూర్చుని నిజం చెప్పడమే.

ఈ మధ్య ఆ అమ్మను మళ్లీ కలిశాను. ఇదంతా వివరించి, "అలాంటి వాళ్లు వస్తే జవాబు చెబుతావా అమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి అంది: "నన్ను అడిగితే చెప్తాను అయ్యగారూ. ఆయన్ని అడిగి నా గురించి రాసుకుంటే మాత్రం ఒప్పుకోను."

మార్గదర్శకాలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.