జీళ్ల కోసం వచ్చినవాడూ తీర్థంవాడే

సంక్రాంతి వెళ్లిందో లేదో ఒక సణుగుడు మొదలవుతుంది. “తీర్థాలన్నీ పిక్నిక్కులైపోయాయండీ. దండం పెట్టేవాడు లేడు, సెల్ఫీ తీసుకునేవాడే!” ఈ మాట అనేవాళ్లు పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు, చాలావరకు మంచివాళ్లే. అయినా చెప్పేది తప్పు. తీర్థానికి సరదాగా పోవడం నిన్న మొన్న పట్టుకున్న రోగం కాదు. ఆ సరదా కోసం వచ్చే జనం లేకపోతే అసలు తీర్థం సాగదు.

కోనసీమలో జగ్గన్నతోట సంగతే చూడండి. కనుమనాడు కాకైనా కదలదంటారు. సరిగ్గా ఆ రోజే చుట్టుపక్కల 11 ఊళ్ల రుద్రులు ప్రభలెక్కి (వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన వాహనాలు), మొసలపల్లి దగ్గరి ఈ కొబ్బరితోటకి బయల్దేరతారు. ఆ తోటలో గుడి లేదు. ఎవరి ఊళ్లో వాళ్ల శివుడికి గుడి ఉంది, అర్చన ఉంది. పూజ ఒక్కటే కావాలంటే ఊరు దాటక్కర్లేదు. మరి గుడిలో ఉన్న దేవుణ్ని భుజాలకెత్తుకుని గుడిలేని తోటకి తేవడం ఎందుకు? లోకకల్యాణం గురించి మాట్లాడుకోవడానికి రుద్రులు అక్కడ కలుస్తారని జనం నమ్మకం. మొసలపల్లి భోగేశ్వరుడిది ఆతిథ్యం, వ్యాఘ్రేశ్వరుడిది అధ్యక్షత. ఆయన ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభల్ని కాస్త పైకెత్తి మర్యాద చేస్తారు. పండక్కి చుట్టాలు కలుసుకోవడం కాక ఇదేమిటి? దేవుళ్లే షికారొచ్చిన చోట మనుషులు మొహాలు ముడుచుకుని నిలబడాలా?

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు వచ్చే తీరు ఇంకా చూడాలి. పచ్చటి చేలకి అడ్డం పడి, కౌశిక కాలువలోకి దిగి మరీ వస్తాయి. గట్టు దిగేటప్పుడు ముందువాళ్ల భుజాలు పల్లమైపోతాయి. ప్రభ ముందుకు తూలుతుంది. వెనకవాళ్లు మడమలు బురదలో దిగేసి బరువు ఆపుతారు. నీళ్లు పైకి వస్తున్నా భుజం దించరు. “శరభ శరభ” అంటూ కేక లేస్తుంది. ఆ కేక మోసేవాళ్లది సగం, గట్టు మీదివాళ్లది సగం. గట్టు మీద పురుగు లేదనుకోండి, అంత బరువుని నీళ్లలో దింపి అవతలి ఒడ్డుకి ఎక్కించే పంతం ఎవరికుంటుంది? చేను తొక్కుడుపడినా రైతు నోరెత్తడు. శివుడు నడిచిన చేను అని సంతోషిస్తాడు. ఆ రైతుకి లేని అభ్యంతరం సోఫాలో కూర్చున్నవాడికి ఎందుకో!

ఇక జీళ్లు, ఖర్జూరాలు, బూరలు, రంగులరాట్నం. జీళ్ల కొట్టు ముందు మారాం చేస్తున్న పిల్లాడికి ఏకాదశ రుద్రుల పేర్లు రాకపోవచ్చు. వాడికి ఇప్పట్నించే భక్తి పాఠం చెప్పబోతే వచ్చే ఏడు రానంటాడు. జీళ్లు కొనిపెడితే వస్తాడు. పెద్దయ్యాక ప్రభ కింద భుజం పెట్టాల్సింది వాడే.

ఇది కోనసీమ వింత మాత్రమే కాదు. విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం జరిగే పైడితల్లి సిరిమానోత్సవం చూడండి. పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి సిరిమాను ఒక్కటే రాదు. బెస్తవారి వల, పాలధార, తెల్ల ఏనుగు, ఆడవేషాలు కట్టిన మగవాళ్లతో అంజలి రథం, అన్నీ కలిసి వస్తాయి. ఇదంతా చూసేవాళ్ల కోసం కాకపోతే మరెవరి కోసం? పైగా చూసేవాళ్లు చేతులు కట్టుకుని ఊరుకోరు, మాను మీద కూర్చున్న పూజారి మీదికి అరటిపళ్లు విసురుతారు. ఆ విసిరే చేతుల్లో ఏది మొక్కు, ఏది హుషారు అని విడదీసే మొనగాడుంటే నాకు చూపించండి. శివరాత్రికి కోటప్పకొండ చేరే విద్యుత్ ప్రభల గురించి చెప్పనే అక్కర్లేదు. మా ప్రభ ఎత్తంటే మా ప్రభ ఎత్తని ఊళ్లు పోటీ పడతాయి. స్వామికార్యం, స్వకార్యం రెండూ ఒక్క బండి మీదే నడుస్తాయి.

తాగి తూలేవాళ్లు లేరా, చెవులు పగలగొట్టే డీజేలు లేవా అంటారు. ఉన్నారు, ఉన్నాయి. వాటిని ఆపండి, ఎవరొద్దన్నారు? కానీ వాళ్లని చూపించి పిల్లాపాపలతో వచ్చిన సంసారుల్ని తప్పుపట్టడం ఏం న్యాయం?

ఈ మధ్య జనం క్షేమం పేరుతో ఇంకో తెలివి పుట్టింది: గ్యాలరీలు, పాసులు, బారికేడ్లు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఆంధ్రప్రదేశ్ శకటంగా కోనసీమ ప్రభల తీర్థమే ఢిల్లీ వెళ్లింది. సంతోషం, అందరం పొంగిపోయాం. అక్కడ కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టడమే పద్ధతి. ఆ పద్ధతి మన వీధుల్లోకి తెస్తే పాసున్నవాడు ముందు కూర్చుంటాడు, మోసేవాడి పెళ్లాం కర్రల వెనక నిలబడుతుంది. తీర్థాన్ని నిజంగా చెడగొట్టేది ఇది. సెల్ఫీ వల్ల ఇంతవరకు ఎవరికీ ప్రభ కనబడకుండా పోలేదు.

క్షేమం మీద అంత బెంగ ఉన్నవాళ్లు చేయాల్సిన పనులు బోలెడు. ఆడవాళ్లకి మరుగుదొడ్లు పెట్టించాలి. తాగేనీళ్లు పోయించాలి. నడిచివెళ్లేవాళ్ల దారిలో కార్లు ఆపకుండా చూడాలి. తప్పిపోయిన పిల్లల పేర్లు చదవడానికి ఒక మైకు కావాలి. జనం బయటికి పోవడానికి వచ్చిన దారి కాక ఇంకో దారి తెరిచి ఉంచాలి. ఇవి అమరిస్తే చాలు. ఎవరు దండానికొచ్చారు, ఎవరు జీళ్లకొచ్చారు అని దారిలో నిలబెట్టి అడిగే పని ఎవరికీ ఉండదు.