మందుతో పాటే తిండీ ఇవ్వాలి

మా ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చిన పిల్లల్ని ముందు తూకం మీద నిలబెడతాం. బరువు తెలియనిదే హెచ్ఐవీ మందు మోతాదు తేల్చలేం. 20 కిలోలు దాటినవారికి డోలుటెగ్రావిర్ పెద్దల బిళ్ల 50 మిల్లీగ్రాములది, ఆలోపు చిన్నపిల్లలకు నీళ్లలో కరిగే 10 మిల్లీగ్రాముల బిళ్లలు. ఆ అంకె చూసి మందైతే మారుస్తున్నాం గానీ, బరువు పెరగని బిడ్డకు తిండి ఇచ్చే ఏర్పాటు మా దగ్గర లేదు. కౌన్సిలర్‌గా నా బాధ అదే.

ఈమధ్య ఒక అమ్మమ్మ మనవణ్ని తీసుకొచ్చింది. తొమ్మిదేళ్లవాడు, 18 కిలోలున్నాడు. ఆ వయసుకు 25 దాటాలి. మందు పూట తప్పకుండా వేస్తోంది, వైరల్ లోడ్ కూడా అదుపులోనే ఉంది. "ఇదివరకు ముద్ద ముట్టేవాడు కాదమ్మా. ఇప్పుడు మారు అన్నం అడుగుతున్నాడు, గిన్నెలో ఉంటేగా!" అంది. మిరపకాయ కోతలు ఉన్నన్నాళ్లే ఆమెకు కూలి. పప్పన్నంలో చెంచాడు నూనె వేయమని, రోజూ గుడ్డు, వేరుశనగ ఉండ పెట్టమని, నోరు పూసినప్పుడు కారం మాన్పించి పెరుగన్నం, అరటిపండు ఇమ్మని చెప్పాను. చెప్పడానికి నాకేం, కొనాల్సింది ఆమె కదా.

లక్షణాలేవీ లేకపోయినా హెచ్ఐవీ ఉన్న పిల్లలకు మామూలు కన్నా 10 శాతం ఎక్కువ శక్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ఇతర ఇన్ఫెక్షన్లు సోకితే 20 నుంచి 30 శాతం, బాగా చిక్కిపోతే 50 నుంచి 100 శాతం అదనం. నోటిపూత, విరేచనాలు, క్షయ ఒకదాని వెనక ఒకటి వస్తుంటే తిన్నది ఒంటబట్టదు. ఎత్తు ఆగిపోతుంది, ఈడు రావడమూ ఆలస్యమవుతుంది.

అంగన్‌వాడీ ఆహారం ఆరేళ్లతో ఆగిపోతుంది. ఆ తర్వాత దిక్కు బడిలో మధ్యాహ్న భోజనం. ఎండాకాలం సెలవుల్లో అదీ ఉండదు. క్షయ రోగులకు పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1000 రూపాయలు ఇస్తున్నారు. ఏఆర్‌టీ మందు వాడే ప్రతి బిడ్డకూ అలాంటి సాయం ఎందుకు ఉండకూడదు?

అయితే ఇచ్చే తీరు ముఖ్యం. వీధిలో ఒక్క ఇంటికే గుడ్ల అట్ట వెళితే ఊరంతా ఆరా తీస్తుంది. హెచ్ఐవీ సంగతి గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. అందుకే మందులిచ్చే రోజునే, మా కేంద్రంలోనే, గుర్తూ పేరూ లేని సంచిలో రాగిపిండి, పప్పు, నూనె, వేరుశనగ చిక్కీలు ఇవ్వాలి. గుడ్లకు, పాలకు డబ్బు సంరక్షకుల ఖాతాలో వేయాలి. ఎన్ని బిళ్లలు ఇచ్చామని పైవాళ్లు మమ్మల్ని నెలనెలా అడుగుతారు. పిల్లలు ఎంత పెరిగారని కూడా అడగాలి. పెరగకపోతే ఎందుకని నిలదీయాలి.