షికారులో కనబడే మొక్కలు: నాలుగు గన్నేర్లు

పిల్లలూ, పోయిన నెల సముద్రపు ఒడ్డున ఇసుకలో పాకే తీగలను గురించి చెప్పుకున్నాం. ఈ నెల ఊళ్ళోనే తిరుగుదాం.

విశాఖపట్నంలో ఏ వైపు షికారు వెళ్ళినా గన్నేరు కనబడుతుంది. బస్సులో పోతూ ఉంటే జాతీయ రహదారి నడిమి గట్టు మీద గన్నేరు. ప్రహరీగోడల పక్కన పచ్చగన్నేరు. గుడి ఆవరణలో దేవగన్నేరు. గోడ పగుళ్ళలో సైతం మొలిచి పూసే బిళ్ళగన్నేరు. వీటిలో చెట్లూ, పొదలూ, జానెడు మొక్కా కూడా ఉన్నాయి. మరి మన పెద్దలు అన్నిటికీ ఒకే పేరు ఎందుకు పెట్టారు?

ఒక్కొక్క పువ్వు తీసి దగ్గరగా చూడండి. అన్నిటికీ అయిదు రేకలే. రేకలన్నీ అడుగున ఒక గొట్టంగా కలిసి ఉంటాయి. పైన ఒక రేక అంచు పక్క రేకను కప్పుతూ, గాలిమరలాగా ఒకే వైపుకు తిరిగి ఉంటాయి. విచ్చని మొగ్గను చూస్తే ముడిచిన గొడుగులాగా మెలితిరిగి ఉంటుంది. ఇవన్నీ ఒకే కుటుంబపు గుర్తులు. వృక్షశాస్త్రజ్ఞులు ఆ కుటుంబాన్ని అపోసైనేసీ అంటారు. మన పెద్దలు శాస్త్రం చదవకపోయినా చుట్టరికం పట్టేశారు!

అయితే ఒకదానినుంచి మరొకదానిని గుర్తుపట్టడం ఎలా? పువ్వు ఒక్కటే చూస్తే చాలదు. ముద్ద గన్నేరుకు రేకలు అయిదుకన్న ఎక్కువ ఉంటాయి, లెక్క తప్పుతుంది. అందుచేత ఆకులు చూడాలి.

గన్నేరుకు సాధారణంగా కణుపుకు మూడేసి ఆకులుంటాయి. పచ్చగన్నేరు ఆకులు కూడా సన్నగా, పొడుగ్గానే ఉంటాయి గాని, ఒక్కొక్కటిగా కొమ్మచుట్టూ వస్తాయి. తుంచితే తెల్లని పాలు కారుతాయి. బిళ్ళగన్నేరుకు రెండేసి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. దేవగన్నేరుకు లావైన కొమ్మల చివర పెద్ద ఆకులు గుత్తిగా చేరతాయి.

దేవగన్నేరును ఒడియావారు కాఠచంపా అంటారు. మీ ఒడియా స్నేహితుడు ఆ మాట అంటే సింహాచలం సంపెంగ అనుకునేరు! సంపెంగకు రేకలు పదికి మించి, విడివిడిగా ఉంటాయి.

ఇక ముఖ్యమైన సంగతి. గన్నేరు, పచ్చగన్నేరు రెండూ విషపు మొక్కలు. ఆకు, పువ్వు, గింజ దేనిలోనైనా విషమే. అది గుండె కొట్టుకునే తీరును చెడగొడుతుంది. పచ్చగన్నేరు కాయ లోపలి గింజ మరీ ప్రమాదం. ఆ కాయలతో ఆడుకునే చిన్నపిల్లలను మీరే వారించాలి. ఎవరైనా నమిలారని తెలిస్తే దాచకండి, ఏమవుతుందో చూద్దామని ఆగకండి. వెంటనే పెద్దవాళ్ళకు చెప్పి 108కి ఫోను చేయించండి. తిన్నది ఏ మొక్కో చూపడానికి ఒక రెమ్మ కూడా ఆస్పత్రికి పట్టుకుపొండి. మొక్క పేరు తెలిస్తే డాక్టరుగారి పని సులువవుతుంది. పేర్లు నేర్చుకోవడం వట్టి కాలక్షేపం కాదని ఇప్పుడు తెలిసిందా?

మరి బిళ్ళగన్నేరు సంగతేమిటి? దీని జన్మస్థానం మడగాస్కర్ దీవి. జమైకాలో కొందరు మధుమేహానికి దీని ఆకుల కషాయం తాగేవారు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు పూనుకున్నారు. దీని రసం ఎక్కించిన ఎలుకలకు రక్తంలో చక్కెర తగ్గలేదు గాని, తెల్ల రక్తకణాలు తగ్గిపోయాయి. రక్తపు కాన్సరులో కొన్ని రకాల తెల్లకణాలే మితిమీరి పెరుగుతాయి కదా! ఆ దారినే పోయి వాళ్ళు విన్‌బ్లాస్టిన్ అనే మందును కనిపెట్టి 1958లో ప్రకటించారు. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ ఈనాటికీ రక్తపు కాన్సరు వచ్చిన పిల్లలను బతికిస్తున్నది.

అలాగని ఆ ఆకు నమలకూడదు సుమా! అదీ విషమే. ఎంతో ఆకునుంచి రవ్వంత మందు వేరుచేసి, డాక్టర్లు కొలిచి ఇస్తారు.

ఈ నెల మీకొక పని. పాత పుస్తకాలలో జిల్లేడుకు వేరే కుటుంబం ఉండేది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దాన్ని గన్నేరు కుటుంబంలో కలిపేశారు. ఎందుకు కలిపి ఉంటారు? ఉక్కునగరం పిల్లలైనా, భీమిలి పిల్లలైనా పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, ఎండి పగిలిన గన్నేరు కాయ, జిల్లేడు కాయ సంపాదించి పక్కపక్కన పెట్టండి. గింజల చివర ఏముందో చూసి బొమ్మ గీయండి. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. పచ్చి కాయ తుంచకండి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

జవాబు వచ్చే నెల చెబుతాను.