ఛార్జింగు ఎనభై దగ్గర ఆపుదాం

కావలి నుంచి ముత్తుకూరు దాకా తీర మండలాల తల్లిదండ్రులకు, విద్యార్థులకు, అయ్యవార్లకు, సచివాలయ సిబ్బందికి, రొయ్యల గుంటల రైతులకు విజ్ఞప్తి

అప్పో సప్పో చేసి పిల్లలకు ల్యాప్‌టాప్ కొనిస్తున్నాం. రెండేళ్లు తిరక్కముందే దాని బ్యాటరీ అరగంట కూడా నిలవడం లేదు. కొత్తది వేయించాలంటే వేలు పోయాలి. పోయలేని ఇంట్లో ఆ మిషను ప్లగ్గు వదిలి కదలదు. కరెంటు పోతే రాస్తున్న ప్రాజెక్టు, నడుస్తున్న ఆన్‌లైన్ పరీక్ష రెండూ పోతాయి. కంపెనీ నాసిరకం ఇచ్చిందని తిట్టుకుని ఊరుకుంటున్నాం. కానీ ఈ నష్టంలో ఎక్కువ భాగం మన అలవాటు వల్లే జరుగుతోంది. పైసా ఖర్చు లేకుండా దాన్ని ఆపుకోవచ్చు.

ఆ అలవాటు మనకు ఇన్వర్టరు నేర్పింది. ఇన్వర్టరులో ఉండేది సీసం, ఆమ్లం బ్యాటరీ. దాన్ని ఎప్పుడూ నిండుగానే ఉంచాలి, దించేసి వదిలేస్తే చెడిపోతుంది. ఇంట్లో ఏళ్ల తరబడి అదే చూశాం కాబట్టి ల్యాప్‌టాప్‌నూ రాత్రింబగళ్లు ఛార్జరుకు తగిలించి ఉంచుతున్నాం. ఇంకొందరు పూర్తిగా దించి, మళ్లీ నిండా ఎక్కించాలంటారు. అది పాత నికెల్ బ్యాటరీల నాటి మాట. 1991లో సోనీ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీకి ఈ రెండు పద్ధతులూ చేటే. 2019లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ తెచ్చిపెట్టిన ఈ బ్యాటరీయే ఇవాళ ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ, ఫోన్‌లోనూ ఉంది.

నిండా ఎక్కినప్పుడు ఇందులోని ఒక్కో సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది, కొత్త రకాల్లో ఇంకాస్త ఎక్కువ. ఆ స్థితిలో మనం వాడినా వాడకపోయినా లోపలి ద్రవం ఎలక్ట్రోడ్లతో చర్య జరుపుతూనే ఉంటుంది. గ్రాఫైటు మీద ఒక పొర మందమవుతుంది. కొంత లిథియం ఆ పొరలో చిక్కుకుని ఇక పనికి రాకుండా పోతుంది. వేడి తగిలితే ఇదంతా జోరందుకుంటుంది. 40 శాతం ఛార్జింగుతో 25 డిగ్రీల చల్లదనంలో ఏడాది పక్కన పెట్టిన బ్యాటరీ సుమారు 4 శాతం సామర్థ్యం పోగొట్టుకుంటుంది. దాన్నే నిండా ఎక్కించి 40 డిగ్రీల్లో ఉంచితే పోయేది దాదాపు 35 శాతం.

మరి 40 డిగ్రీలు మనకు కొత్తా? మే నెలలో నెల్లూరు ఎండ ఆ గీత దాటడం ఏటా చూసేదే. ల్యాప్‌టాప్ తయారీదార్లు 35 డిగ్రీలు దాటితే వాడొద్దని రాస్తారు. మన రేకుల షెడ్డులో రోహిణి కార్తె మధ్యాహ్నం ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇస్కపల్లి, మైపాడు వైపు గుంటల గట్ల మీద మేత లెక్కలు రాసుకునే ల్యాప్‌టాప్‌ను ఆ షెడ్డులోనే బల్ల మీద, ఛార్జరు తగిలించే ఉంచుతాం. పిల్లలేమో మంచం మీద బొంత పరిచి దాని మీద పెట్టుకుంటారు. ఒక్కసారి దాన్ని తిరగేసి చూడండి. అడుగున సన్నని చీలికలుంటాయి, ఫ్యాను గాలి పీల్చేది వాటిలోంచే. బొంత వాటిని మూసేస్తుంది. ఫ్యాను హోరుమంటుంది, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ వేడంతా పక్కనే ఉన్న బ్యాటరీకి ఎక్కుతుంది. చెక్క పలక మీద పెట్టుకుంటే ఈ బాధ లేదు. ఎండలో నిలబెట్టిన కారులో, బైకు డిక్కీలో మాత్రం ఎన్నడూ వదలొద్దు.

ఇక అసలు పని. ఛార్జింగు 80 శాతం దగ్గర దానంతటదే ఆగిపోయే ఏర్పాటు చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంది. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్ అంటారు, ఆసుస్‌లో బ్యాటరీ కేర్ అంటారు. డెల్, హెచ్‌పీలలో చాలా వాటికి బయోస్‌లోనే, అంటే విండోస్ తెరుచుకోకముందు వచ్చే సెట్టింగుల్లోనే ఉంటుంది. ఒక్కసారి పెడితే చాలు, ఛార్జరు రోజంతా తగిలించి ఉన్నా భయం లేదు. ఆ సదుపాయం లేని పాత మిషనైతే ఎనభైకి రాగానే ప్లగ్గు తీసేయండి, ఇరవైకి దిగకముందే మళ్లీ పెట్టండి.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు సంగతి వేరు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన తీరాన్ని ఒరుసుకుంటూ పోయి బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. అలాంటప్పుడు కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆ ముందు రోజు నిండా ఎక్కించుకోండి, నిశ్చింతగా వాడుకోండి. ఏడాదిలో ఆ నాలుగైదు రోజులతో బ్యాటరీ పాడవదు, మిగతా మూడు వందల అరవై రోజుల నిర్లక్ష్యంతో పాడవుతుంది.

హెడ్మాస్టర్లను ప్రత్యేకంగా అడుగుతున్నాం. ఏప్రిల్ నెలాఖరున బడికి తాళం పడితే మళ్లీ జూన్ రెండో వారం దాకా కంప్యూటర్ గది తెరుచుకోదు. ఆ మూసిన గదిలో ల్యాప్‌టాప్‌లు నిండు ఛార్జింగుతో ఉంటే ఉడికిపోతాయి, సున్నాతో ఉంటే కొన్ని మళ్లీ లేవనే లేవు. తాళం వేసే ముందు ప్రతిదాన్నీ సగం దగ్గర ఆపి, పూర్తిగా ఆఫ్ చేసి, గాలి ఆడే గదిలో పెట్టించండి. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబ్‌లకూ ఇదే వర్తిస్తుంది. అది ప్రజల సొమ్ము. సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు తమ దగ్గరున్న ల్యాప్‌టాప్‌లకు ఈ వారమే 80 శాతం హద్దు పెట్టాలి. అమ్మే షాపులవాళ్లు ఆ హద్దు పెట్టి, ఎందుకో చెప్పి మరీ చేతికివ్వాలి. కొనే మనం అడిగి మరీ పెట్టించుకోవాలి.

టచ్‌ప్యాడ్ ఉబ్బెత్తుగా లేచినా, మూత సరిగా పడకపోయినా, బల్ల మీద మిషను ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ క్షణమే ఛార్జరు పీకేసి, ఆఫ్ చేసి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, మంటలో వేయొద్దు, అంటుకుంటుంది. చచ్చిన బ్యాటరీని కాలవలోనో చెత్తకుప్పలోనో పారేస్తే అందులోని విషాలు మన నీళ్లలోకే చేరతాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వీటిని పూడ్చడాన్నీ, కాల్చడాన్నీ నిషేధించాయి. వాడేసిన బ్యాటరీలు వెనక్కి చేరేలా చూసే బాధ్యత తయారీదార్లదే. కాబట్టి కొత్త బ్యాటరీ కొన్న షాపులోనే పాతది తీసుకోమని పట్టుబట్టండి. ప్రతి పంచాయతీ ఆఫీసులోనూ వీటి కోసం విడిగా ఒక మూత డబ్బా పెట్టించమని వచ్చే గ్రామసభలో అడుగుదాం.