బడికి విలువ కట్టుట ఎట్లు?

అమెరికాలో ఇల్లు కొనదలచిన తెలుగు దంపతులు మొట్టమొదట విచారించునది ఆ వీథి ఏ బడి హద్దులోనికి వచ్చును, ఆ బడికి పదింట ఎన్ని మార్కులు పడినవి అని. తూర్పు వాకిలి సంగతి ఆ తరువాత. ఆ దేశమున ప్రభుత్వ పాఠశాలలలో పెక్కింటికి ఇంటి చిరునామాయే ప్రవేశార్హత. అందుచేత ఇండ్ల బేరపు పట్టికలలో పడకగదుల సంఖ్య ప్రక్కనే బడి సంఖ్యయు కనిపించుచుండును. 1998లో ఆరంభమైన గ్రేట్‌స్కూల్స్ అను సంస్థ ఇట్టి సంఖ్యలకు పేరుపడినది. తొమ్మిదియో పదియో గల చోట ఇంటి ధర ఆకాశము నంటును. నాలుగో అయిదో కనబడిన చోట దంపతులు కారు దిగకయే వెనుకకు మరలుదురు.

దీనిని చూచి నవ్వుటకు తెలుగుదేశమున నున్నవారికిని అధికారము లేదు. పరీక్షాఫలితములు వెలువడిన మరునాడు హైదరాబాదు పత్రికలను తెరచిన, ర్యాంకులు, ఫొటోలు, వాటి నడుమ కళాశాలల పేర్లు, ఇవి తప్ప వార్తలు వెదకికొనవలసి వచ్చును. సముద్రముల ఈవలను ఆవలను తల్లిదండ్రుల ఆతురత ఒక్కటే. అది తప్పు కాదు. బిడ్డను నాలుగేండ్లపాటు పరుల చేతులలో పెట్టువాడు ఆ చేతులు ఎట్టివని అడుగక ఎట్లుండును? చిక్కెల్ల అడుగు ప్రశ్నలో నున్నది.

పదింట ఇన్ని యను సంఖ్య ముఖ్యముగా పరీక్షల మార్కులనుండి పుట్టినది. ఆ మార్కులలో బడి వంతు ఎంత, ఇంటి వంతు ఎంత అనునది పాత వివాదము. 1964 నాటి పౌరహక్కుల చట్టము ననుసరించి జేమ్స్ కోల్‌మన్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఇంచుమించు 4 వేల పాఠశాలలను, 6 లక్షల విద్యార్థులను పరిశీలించి 1966లో నివేదిక నిచ్చెను. భవనములు, గ్రంథాలయములు, వ్యయము మున్నగు భేదములకంటె విద్యార్థుల కుటుంబస్థితిగతులే మార్కుల తారతమ్యములను ఎక్కువగా వివరించుచున్నవని అందు తేలినది. దానిపై నేటికిని పండితులు వాదించుకొనుచునే యున్నారు. అయినను ఒక్క సంగతి నిలిచినది: చదువుకొన్న సంపన్నుల బిడ్డలు చేరిన బడికి మంచి సంఖ్య వచ్చుటలో బడి గొప్ప ఎంతయో చెప్పుట కష్టము. ఇటీవల పిల్లవాడు ఏడాదికేడాది సాధించిన వృద్ధిని కూడ లెక్కలో చేర్చుచున్నారు. అది కొంత మేలు. కాని ఇంటి కొనుగోలుదారు చూచునది చివరి అంకెనే.

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎదుట, అఖాతమునకు ఆవలి గట్టున బర్క్‌లీ నగరమున్నది. జనసంఖ్య లక్షా ఇరువది వేలకు పైమాట. విశ్వవిద్యాలయమువలన లోకప్రసిద్ధి గాంచిన ఊరు. ఊరంతటికిని పెద్ద ప్రభుత్వోన్నత పాఠశాల ఒక్కటే, బర్క్‌లీ హైస్కూలు. విద్యార్థులు మూడువేలకు మించి యున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని లోవెల్ హైస్కూలువలె మార్కులు చూచి ఏరి తీసికొను బడి కాదిది. కొండమీది మేడలలోని ఆచార్యుని కుమారుడును, పల్లపు వీథులలోని పనివాని కుమార్తెయు ఒకే వాకిట ప్రవేశింతురు. మహానగరపు పెద్ద బడిని ఎట్లు బేరీజు వేయవలెనో తెలిసికొన గోరువారికి ఇంతకన్న మంచి ఉదాహరణ అరుదు. దాని వెలుగును చీకటియు రెండును బయటపడి యున్నవి.

నాటకకర్త థార్న్‌టన్ వైల్డర్ 1915లో ఇచ్చట చదువు ముగించెను. తరువాత కల్పనాసాహిత్యమున మహాఖ్యాతి నొందిన అర్సులా లెగ్విన్, ఫిలిప్ డిక్ ఇరువురును ఇచ్చటి 1947 తరగతివారే. విచిత్రమేమనగా, వా రొకరి నొకరు ఎరుగరు! ఒక్క కప్పు క్రింద ఇంత ప్రతిభ యున్నదా యని దీనిని విని కొందరు మురిసిపోదురు. బిడ్డను చేర్పబోవు తల్లికి మాత్రము వేరొక ఊహ తోచవలెను: ఇంతవా డిచ్చట ఎవరికిని తెలియక తిరిగి వెళ్ళిపోయినపుడు, నోరులేని సామాన్యపు పిల్ల మాట యేమి?

పెద్ద బడిలో మొదటి అపాయము ఇదియే. ఈ బడివారు దానిని గుర్తించకపోలేదు. బడిని కొన్ని చిన్న సమూహములుగా విభజించిరి. 2018నుండి తొమ్మిదవ తరగతిలో అడుగిడిన వారినందరిని కలగలిపి, చిన్న చిన్న గుంపులుగా ఏర్పరచి, ఒక గుంపునకు కొందరే ఉపాధ్యాయులు బోధించు ఏర్పాటు చేసిరి. పిల్లవాని పేరు తెలిసిన పెద్దవాడు ఒకడైన ఉండవలెనని దీని ఆశయము. మూడువేలమంది బడిలో ఇది సామాన్యమైన కార్యము కాదు. అరువదిమందికి హాజరు పిలుచు తెలుగు ఉపాధ్యాయునికి దీని బరువు వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవ అపాయము ఇంకను లోతైనది. 1990 దశకమున పెడ్రో నొగేరా అను సమాజశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును, బడి ఉపాధ్యాయులతోను విద్యార్థులతోను కలిసి ఏండ్ల తరబడి ఈ బడిని శోధించిరి. ఆ పరిశ్రమ ఫలితము 2006లో గ్రంథరూపమున వెలువడినది. ఒకే భవనమున రెండు బడులు నడచుచున్నవని వారు కనుగొనిరి. ఉన్నతమైన తరగతులలో కొండమీది తెల్లవారి బిడ్డలు, క్రింది తరగతులలో పల్లపు వీథుల నల్లవారి బిడ్డలు, లాటిన్ అమెరికా కుటుంబముల బిడ్డలు. తొమ్మిదవ తరగతిలో ఏ గణితపు తరగతిలో కూర్చుండెనో దానినిబట్టియే తక్కిన త్రోవ చాలవరకు నిశ్చయమగుచుండెను. ఈ రెండు బడుల మార్కులు కలిపి సగటు తీసిన ఎంత వచ్చును? ఏడో ఎనిమిదో వచ్చుననుకొందము. ఆ సంఖ్య రెంటిలో ఏ బడికిని చెందదు. లోతు సగటున మోకాలిబంటి యని నమ్మి ఏరు దిగినవాని కథ ప్రతి గణితోపాధ్యాయునికిని తెలిసినదే.

అట్లని ఆ గ్రంథము చదివి బడిని విడిచి పారిపోవుట తెలివి కాదు. తన లోపమును శోధించువారికి తలుపు తెరచిన బడి యది. లోపము లేదని చెప్పుకొను బడులలో ఎన్ని అట్లు తెరువగలవు?

ఇక ఏ పట్టికయు ఎక్కింపజాలని సంగతి యొకటి యున్నది. అది తెలుగువారు వినుటకు వెగటు కలిగించునది, అయినను వినవలసినది.

1999 నవంబరులో బర్క్‌లీలోని ఒక అద్దె ఇంట విషవాయువు సోకి 17 ఏండ్ల బాలిక మరణించినది. కృష్ణా జిల్లానుండి వచ్చిన పిల్ల. ఆమె మాట తెలుగు. పొయ్యివాయువు పోవు గొట్టము మూసికొనిపోయిన ప్రమాదమని పత్రికలు వ్రాసి ఊరకుండెను. ఈ బడి విద్యార్థులు నడపు పత్రిక యొకటి కలదు, పేరు జాకెట్. అందు పనిచేయు ఇద్దరు బాలికలకును, వారి ఉపాధ్యాయునికిని ఒక సందేహము కలిగినది. కాలిఫోర్నియా చట్టము ప్రకారము 6 నుండి 18 ఏండ్ల వరకు బడికి పోవలెను. ఊరిలో పెద్ద బడి యొక్కటే. ఈ పిల్లది తమ ఈడే. మరి తమ బడిలో ఎందులకు లేదు?

అంతే ప్రశ్న. దానిని పట్టుకొని వారు ఇంటింటికి తిరిగిరి, దక్షిణాసియా కుటుంబములవారి నడిగిరి, విన్నది సరిచూచుకొనిరి. ఆ బాలిక కట్టుబానిసగా తేబడియుండవచ్చునని తెలిసినవారు అనుమానించుచున్నారని డిసెంబరు 10వ తేదీ సంచికలో ప్రకటించిరి. 2000 జనవరిలో ఇంటి యజమాని నిర్బంధింపబడెను. అతడు ఆ నగరపు మహాధనికులలో ఒకడు, ఆ బాలికవలెనే కృష్ణా జిల్లావాడు. పేదయిండ్ల ఆడపిల్లలను దొంగపత్రములతో రప్పించి చెరచిన నేరములను కోర్టులో ఒప్పుకొనెను. 2001 జూనులో ఎనిమిదేండ్లకు పైబడిన కారాగారము, బాధితులకు 20 లక్షల డాలర్ల పరిహారము విధింపబడినవి.

అనుభవశాలురైన విలేఖరులు దాటిపోయిన చోట బడిపిల్లలు ఏల ఆగిరి? వారికి ఆ పిల్ల ఈడు తెలియును గనుక. ఆ ఈడువారు ఉదయము ఎనిమిది గంటలకు ఎచ్చట నుండవలెనో తెలియును గనుక. మరియొక కారణమును కలదు. 1988లో అమెరికా సుప్రీముకోర్టు హేజల్‌వుడ్ తీర్పున బడిపత్రికలోని వ్రాతలను అధికారులు అడ్డగింపవచ్చునని చెప్పినది. కాలిఫోర్నియాలో మాత్రము 1977 నాటినుండియే విద్యార్థుల పత్రికాస్వేచ్ఛకు రాష్ట్రచట్టము రక్షణ యిచ్చుచున్నది. అనగా ఆ వార్తకు వెనుక ఒక ఉపాధ్యాయుని ప్రోత్సాహము, ఒక చట్టపు కావలి, ఊరిలోని అన్ని వీథుల పిల్లలు కలిసి కూర్చుండిన తరగతి ఉన్నవి. పదింట పది వచ్చిన బడిలో ఈ మూడును ఉండవచ్చును, ఒక్కటియు లేకపోవచ్చును. సంఖ్యను చూచి చెప్పుట అసాధ్యము.

ఒక్క వార్త వ్రాసినంతమాత్రమున బడి గొప్పదగునా యని ఆక్షేపింపవచ్చును. న్యాయమైన ఆక్షేపణయే. ఆ యేడాదియే ఆ బడి బాధలును తక్కువ కాదు. 2000 ఏప్రిలులో ఒక భవనము కాలిపోయినది కూడ. నల్లపిల్లలకును తెల్లపిల్లలకును గల దూరము నేటికిని పూర్తిగా పూడలేదు. కావుననే తల్లిదండ్రులు సంఖ్యను మూసిపెట్టి తామే చూడవలసి యున్నది. చూచుటకు వెళ్ళిన దినమున బడివారు చూపు ప్రయోగశాలను, ఈతకొలనును చూచి తృప్తిపడరాదు. ఉన్నతమైన గణితపు తరగతిలోనికి తొంగి చూచి, వెనుకనే క్రింది తరగతిలోనికి తొంగి చూడవలెను. రెండింట ముఖములు వేరుగా నున్నచో కారణ మడుగవలెను. పది దినములు రాని పిల్లవాని యింటికి ఎవరు ఫోను చేయుదురని అడుగవలెను. మధ్యాహ్నభోజనవేళ ఒంటరిగా కూర్చుండినవారిని లెక్కపెట్టవలెను. ఉపాధ్యాయులు ఆ బడిలో ఎన్నేండ్లుగా నిలిచి యున్నారో తెలిసికొనవలెను. ఇవి అడిగినచో చిరాకుపడు ప్రధానోపాధ్యాయుడును ఉండును, కుర్చీ జరిపి కూర్చుండబెట్టి మాటలాడు నతడును ఉండును.

అటుపిమ్మట విద్యార్థుల పత్రిక యున్నచో ఒక సంచిక అడిగి పుచ్చుకొని, ఇంటికి పోవుత్రోవలో చదువవలెను. అందు బడిని గూర్చి స్తుతులే యున్నవా, ఒక విమర్శయైన ఉన్నదా, బడిగోడకు ఆవలి వీథి సంగతి ఏమైన ఉన్నదా యని చూడవలెను. బర్క్‌లీలో ఆ పత్రికను నేటికిని పిల్లలే నడుపుచున్నారు.