అడిగే హక్కు అక్కడెలా పెరిగింది?

కార్తీకం వచ్చిందంటే సికింద్రాబాద్ స్టేషన్లో శబరి ఎక్స్‌ప్రెస్ ఆగే ప్లాట్‌ఫాం నల్లబట్టలతో నిండిపోతుంది. ఇరుముడి ఎత్తుకున్న స్వాములు చెంగన్నూరులో దిగి, పంబ బస్సెక్కి, దర్శనం చేసుకుని తిరిగొస్తారు. ఇంకొందరు పడవ ఇళ్లలో ఓ రాత్రి గడిపి వస్తారు. కేరళతో మన ఊరి పరిచయం చాలావరకు అంతే. 2023లో నేనూ అదే రైలెక్కాను. అప్పటికి అక్కడ వామపక్ష కూటమి వరుసగా రెండోసారి గెలిచి రెండేళ్లు దాటింది. ఎర్రజెండా పాలనలో మామూలు మనిషికి రోజెలా గడుస్తుందో చూడాలని పది రోజులు పంచాయతీ ఆఫీసులు, రేషన్ షాపులు, ఊరి లైబ్రరీల చుట్టూ తిరిగాను.

అలప్పుళ జిల్లాలో ఓ పంచాయతీ ఆఫీసు. వాన పడుతోంది. ఒక ముసలామె తడిసిన గొడుగు గోడకు ఆనించి, ఎవరూ చెప్పకుండానే గుమస్తా ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఇంటి పన్ను రసీదులో ఆమె పేరు తప్పుగా పడింది. గుమస్తా రిజిస్టరు తిరగేసి, ఏ రోజు వస్తే సరిచేసిన కాగితం ఇస్తాడో చీటీ మీద రాసిచ్చాడు. ఆమె ఆ చీటీని కళ్ల దగ్గర పెట్టుకుని ఆసాంతం చదివింది. తేదీ సరిగా కనబడలేదని మళ్లీ రాయించుకుంది. అప్పుడు లేచింది. దణ్ణం పెట్టలేదు, బతిమాలలేదు. 'నీ బాంచన్' అన్న మాట పుట్టిన నేల నుంచి వెళ్లినవాణ్ని, ఆ కుర్చీని, ఆ చీటీని చాలాసేపు మరిచిపోలేకపోయాను.

వామపక్ష ప్రభుత్వం గనక అక్కడ ఎక్కువ పంచిపెడుతోంది అనుకుంటే పొరపాటే. ఆ ఏడాది కేరళలో సామాజిక పింఛను నెలకు 1600 రూపాయలు, అదీ నెలల తరబడి బకాయి పడింది. అప్పుడు మన తెలంగాణలో ఆసరా పింఛను 2016 రూపాయలు. మహిళా సంఘాల 'కుడుంబశ్రీ' నడిపే జనకీయ హోటళ్లలో 20 రూపాయలకే భోజనం పెట్టేవారు. ప్రభుత్వం సబ్సిడీ ఆపేయడంతో ధర 30 రూపాయలకు పెరిగింది. చేతికందే సొమ్మును బట్టి చూస్తే అప్పటికి మనమే మెరుగు. కానీ ఆ ముసలామె ధీమా ఖజానాలోంచి వచ్చింది కాదు.

దాని వేర్లు నేలలో ఉన్నాయి. 1957 ఏప్రిల్‌లో ఈఎంఎస్ నంబూద్రిపాద్ ప్రభుత్వం గద్దెనెక్కిన వారంలోపే కౌలుదార్లను నేల నుంచి వెళ్లగొట్టడం ఆపుతూ ఆర్డినెన్సు తెచ్చింది. 1959 జులైలో ఢిల్లీ ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసినా ఆ పని ఆగలేదు. 1970 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన చట్టంతో కౌలు వ్యవస్థే పోయింది. దొర జాగాలో గుడిసె వేసుకున్న కూలీకి పల్లెలో పది సెంట్ల వరకు సొంతమయ్యే హక్కు దక్కింది. కాళ్ల కింద నేల తనదైతే మనిషి గొంతు మారుతుంది. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ రైతాంగం రక్తం ధారపోసింది కూడా ఆ నేల కోసమే. మనకు పోరాటం మిగిలింది, వాళ్లకు పట్టా మిగిలింది.

ఈ ఘనతంతా కమ్యూనిస్టులకే కట్టబెట్టడం న్యాయం కాదు. సంఘ సంస్కర్తలు నారాయణ గురు, అయ్యంకాళి, మిషనరీ బడులు వాళ్ల కంటే ముందే దారి వేశారు. కాంగ్రెస్ కూటమి వచ్చినప్పుడూ బడులూ ఆస్పత్రులూ మూతపడలేదు. అందుకే 2011 జనగణనలో కేరళ అక్షరాస్యత 94 శాతమైతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 67. 2020 లెక్కల్లో వెయ్యి మంది పసికందుల్లో కేరళలో చనిపోయింది ఆరుగురు, తెలంగాణలో 21 మంది. సాయంత్రం ఓ ఊరి లైబ్రరీలో ఒకే బల్ల మీద సీపీఎం పత్రిక దేశాభిమానినీ, దానికి పడని మలయాళ మనోరమనూ చదువుతూ వాదించుకుంటున్న పెద్దవాళ్లను చూశాక ఆ అంకెలు నాకు మరింత బాగా అర్థమయ్యాయి.

లోపాలూ చిన్నవి కావు. చదివించిన రాష్ట్రం చదువుకు తగ్గ కొలువు చూపించలేకపోయింది. సికింద్రాబాద్ ఆస్పత్రుల్లో మనకు సెలైన్ ఎక్కించే మలయాళీ నర్సమ్మే అందుకు సాక్ష్యం. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు లేకపోతే ఎన్నో ఇళ్లు నడవవు. సరుకు ముట్టకుండా చూస్తూ నిలబడినందుకు కూలి గుంజే 'నోక్కు కూలి'ని 2018 మే డే నుంచి ప్రభుత్వమే నిషేధించాల్సి వచ్చింది. హక్కు బాధ్యత మరిచిన చోట పెట్టుబడి నిలవదు.

అయినా అక్కడి నుంచి మనం తెచ్చుకోవలసింది ఒకటుంది. 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించారు. దాంతో జవాబు చెప్పాల్సిన మనిషి వీధి చివరికొచ్చాడు. డబ్బు అతని చేతిలో ఉంది, అతన్ని నిలదీసేవాళ్ల చేతిలో ఓటు ఉంది. మన దగ్గర పథకం నాయకుడి ఫొటోతో వస్తుంది, కనుక అందుకున్నవాడు కృతజ్ఞుడవుతాడు. అక్కడ పంచాయతీ తీర్మానంతో వస్తుంది, కనుక లెక్క అడుగుతాడు.

రైలు దిగి ఇంటికొచ్చాక ఈ తేడా ఇంకా గుచ్చుకుంది. మేముండేది సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో. 2011 జనగణన ప్రకారమే ఇక్కడ రెండు లక్షల పైచిలుకు జనం. బోర్డుకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. 2023 ఏప్రిల్ 30న జరుపుతామని ప్రకటించి, పోలింగ్‌కు ముందే రద్దు చేశారు. నీళ్లు రాకపోయినా, మురుగు పొంగినా, మేం ఎన్నుకున్న వార్డు సభ్యుడంటూ ఎవరూ లేరు. జీహెచ్ఎంసీలో కలుపుతారన్న మాట ఏళ్లుగా వింటున్నాం. కలిపినా కలపకపోయినా, ముందు ఎన్నికలు పెట్టాలి. పింఛను పెంచండని ఏ పార్టీని అడిగే ముందు, మా వీధికి జవాబు చెప్పే మనిషిని ఇవ్వమని అడగాలి. మా బోయిన్‌పల్లి ముసలామె కూడా గొడుగు గోడకానించి, ఎదుటి కుర్చీలో కూర్చుని, చీటీ మీద తేదీ రాయించుకుని లేవాలి.